కాటిపద్యం: ఒక అభిమానపు చరిత్ర

పద్యనాటకాన్ని గూర్చి మన విమర్శకులు చాలా రాశారు. నాటకకర్తలను గూర్చి, నటులను గూర్చి, సమాజాలు పుట్టి గిట్టిన వైనాన్ని గూర్చి రాశారు. రాత్రి పదిగంటలకు చాప పరుచుకుని కూర్చుని, తెల్లవారుజామున కాటిసీను ముగిసేదాకా కదలని ప్రేక్షకుణ్ణి గూర్చి మాత్రం రెండు ముక్కలకు మించి రాసినవారు తక్కువ. ఆ రెండు ముక్కలైనా "వన్స్‌మోర్ పిచ్చి" అనే వెక్కిరింపే. యీ వ్యాసం ఆ పిచ్చివాళ్ళను గూర్చి. వారిలో మా నాన్న ఒకరు గనుక నేను తటస్థుణ్ణని చెప్పుకోను.

ఆయన పెడనలో గుంటమగ్గం నేసేవారు. హరిశ్చంద్రలోని కాటిపద్యాలు ఆయనకు కంఠతా వచ్చును. మగ్గంమీద పాడేటప్పుడు పద్యపాదానికి నాడె ఆడేది. పాదం చివర రాగం సాగదీసినప్పుడు మాత్రం నాడె ఆగిపోయేది. ఆగిన నాడెకు కూలి లేదు. అందుచేత కండెలు చుడుతున్న మా అమ్మ గొణిగేది. నాటకం గుడివాడలో వున్నదంటే రైలు, బందరులో అయితే సైకిలు. తిరిగివచ్చిన మర్నాడు వీధి అరుగుమీద విచారణ జరిగేది: ఫలానా పాదం ఒక్క ఊపిరిలో పాడాడా లేదా, హార్మనీ మనిషి నటుణ్ణి మోశాడా, నటుడే హార్మనీని మోశాడా. మా తాత తరానికి అద్దంకి శ్రీరామమూర్తిగారు దైవం. 1935లో హరిశ్చంద్ర చిత్రంలో ఆయన కన్నాంబగారి సరసన కనిపించిన తరువాత ఆ భక్తి మరింత ముదిరింది. మా నాన్న డి.వి. సుబ్బారావుగారి పక్షం. యీ రెండు పక్షాలకూ మా ఇంట్లో సంధి కుదరనేలేదు.

కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒకే రాత్రి ముగ్గురు హరిశ్చంద్రులు దిగేవారు. వారణాసి సీను వొకరిది, కాటిసీను మరొకరిది. ఇది నాటకం కాదు, పద్యాల పోటీ అని విమర్శకులు చీదరించుకున్నారు. నాటకకళ దృష్టితో చూస్తే వారు చెప్పినది తప్పు కాదు. ఒక పద్యం నాలుగుసార్లు పాడితే కథ ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. కాని జనం కథకోసం రాలేదు. కథ వారికి తెలుసును. చీకటిపడ్డ రంగస్థలంమీద, కంబళి కప్పుకుని, కర్ర చేతబట్టి, మంటల మధ్య నిలబడిన ఒక మనిషి గొంతు వినడానికి వచ్చారు. చావును గూర్చిన పాట వినడానికి పగలంతా పనిచేసిన మనిషి రాత్రంతా ఎందుకు మేలుకుంటాడు? యీ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది.

దీనికి కొంత సమాధానం నేను వూహించని దిక్కునుంచి వచ్చింది. హైదరాబాదులో చదువుకుంటున్న మా మనవరాలు గాథ్ సంగీతమంటే ప్రాణం పెడుతుంది. నల్లబట్టలు, కళ్ళకు దట్టంగా కాటుక, చెవుల్లో ఎప్పుడూ ఆ బొంగురు గొంతులు. వాళ్ళమ్మ భయపడి నన్ను మందలించమన్నది. మందలించే ముందు వినవలె గదా అని విన్నాను. బౌహాస్ అనే బృందం 1979లో విడుదల చేసిన "బేలా లుగోసీస్ డెడ్" తొమ్మిది నిమిషాలకు పైగా సాగుతుంది. డ్రాకులా వేషంతో పేరుపొందిన నటుడి చావే అందులో విషయం. మొదటి రెండు మూడు నిమిషాలు గొంతే రాదు. డ్రమ్ము, బేసు, గిటారు గీరిన చప్పుడు. నాకు వెంటనే కాటిసీనుకు తెర లేవకముందు హార్మనీ ఒక్కటే మోగే ఘట్టం గుర్తుకు వచ్చింది.

"గోత్" అనేది 410లో రోమునగరాన్ని దోచిన జర్మను జాతివారి పేరు. తరువాత ఇటలీ పండితులు తమకు నచ్చని పాత కట్టడాలకు తిట్టుగా ఆ పేరు తగిలించారు. 1764లో హొరేస్ వాల్పోల్ "కాసిల్ ఆఫ్ ఒట్రాంటో" నవల రాసి, రెండవ ముద్రణలో దానికి గాథిక్ కథ అని తానే పేరుపెట్టుకున్నాడు. తిట్టు బిరుదయింది. 1970ల చివర ఇంగ్లండులో అదే పేరు ఒక సంగీతానికి అంటుకున్నది. 1982లో లండను సోహోలో యీ అభిమానులు కూడే క్లబ్బు ఒకటి తెరిచారు. దాని పేరు బ్యాట్‌కేవ్, అనగా గబ్బిలాల గుహ. యీ గబ్బిలం సంగతి మళ్ళీ వస్తుంది.

నన్ను ఆకర్షించింది ఆ బృందాల వూళ్ళు. బౌహాస్ వారిది జోళ్ళు కుట్టే పరిశ్రమకు పేరుమోసిన నార్తాంప్టన్. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ 1980లో ఉన్నిబట్టల పట్టణమైన లీడ్స్‌లో పుట్టింది. యీ సంగీతానికి పెద్దన్న వంటి జాయ్ డివిజన్‌ది మాంచెస్టరు ప్రాంతం. దాని గాయకుడు ఇయాన్ కర్టిస్ పెరిగినదీ, 1980 మే 18న ఇరవైమూడేళ్ళకే ప్రాణం తీసుకున్నదీ పట్టునేతకు పేరుపొందిన మాక్లెస్‌ఫీల్డులో. మాంచెస్టరు పేరు వింటే పెడన మనిషికి ఒళ్ళు మండక మానదు. 1611లో ఇంగ్లీషువారు బందరులో వర్తకస్థానం పెట్టుకున్నది మా అద్దకపుబట్టల కోసమే. ఆ బట్టలు తమ నేతగాళ్ళను ముంచుతున్నవని 1700లో ఒకసారి, 1721లో మరొకసారి చట్టాలు చేసి అడ్డుకున్నారు. తరువాత లాంకషైరు మిల్లుబట్ట వచ్చి మా మగ్గాల నడుము విరిచింది. ఆ మిల్లులూ చివరకు మూతపడినవి. 1982 జనవరికి బ్రిటనులో నిరుద్యోగులు ముప్ఫై లక్షలు దాటారు. ఖాళీ మిల్లుల నీడలో పెరిగిన కుర్రవాళ్ళు నల్లబట్టలు తొడిగి చావును గూర్చి పాడితే, వారిది కేవలం ధనికుల బిడ్డల విలాసమని కొట్టివేయడం నాకు చేతకాలేదు.

ఇది సూత్రం కాదు. క్యూర్ అనే బృందం క్రాలీ నుంచి వచ్చింది. అది యుద్ధం తరువాత కొత్తగా కట్టిన పట్టణం, అక్కడ మూతపడిన మిల్లుల చరిత్ర లేదు. నేత వూళ్ళన్నీ శ్మశానగీతాలు పాడనూ లేదు. 1991లో నూలు ధర పెరిగి కోస్తాలో చేనేతవారు ఆకలితో చచ్చినప్పుడు మా వీధిలో ఏ పద్యమూ వినబడలేదు. ఆర్థిక పరిస్థితికీ పాటకూ మధ్య దారం వున్నది గాని అది తిన్నగా లాగిన పడుగు కాదు.

ఇక పద్యంలోకి వస్తాను. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి నాటకంలోని కాటిసీనులో జనం గుండెలు పిండే పద్యాలు కొన్ని బలిజేపల్లివారివి కావు, జాషువాగారి "శ్మశానవాటి"లోవి. నటులు వాటిని తెచ్చి కలుపుకున్నారు. కవి కలమూ, రాజు ముద్రికా, ఇల్లాలి నల్లపూసలూ, చిత్రకారుని కుంచే ఒకే బూడిద అయ్యే చోటును ఆ పద్యాలు చూపిస్తవి. అంటరానితనానికి తావులేని స్థలం అదొక్కటేనని కవి అంటాడు. ఇప్పుడు రంగస్థలంమీద పరిస్థితి గమనించండి. వీరబాహుడికి అమ్ముడుపోయి కాటి కాపలా కాస్తున్న రాజు ఆ పద్యాలు పాడుతున్నాడు. ప్రేక్షకుడు ఏడుస్తున్నది రాజుకు పట్టిన గతికి. పుట్టుకతోనే ఆ గతిలో వున్న వీరబాహుడికోసం ఎవరూ ఏడవరు. అతనిది హాస్యపాత్ర అయినా ఆశ్చర్యపడరు. వినుకొండలో 1895లో పుట్టి, అంటరానివాడనిపించుకున్న కవి రాసిన మాటలు రాజు నోట పలికేటప్పటికి రాజు దుఃఖమైపోయినవి. మా నాన్న ఆ పద్యాలు జీవితమంతా పాడారు. రాసినదెవరని ఒక్కనాడూ అడగలేదు. నేనూ బందరులో కాలేజీకి వెళ్ళేదాకా అన్నీ బలిజేపల్లివారివే అనుకున్నాను. అభిమానం గొంతును చూసినంతగా కలాన్ని చూడదు. యీ లోపం మాది, నటులది కాదు.

అయినా ఆ పద్యాలు వ్యర్థంగా పోలేదనడానికి నా దగ్గర ఒకే వొక సాక్ష్యం వున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. పదివేలమందికి పైగా పోయారు. మా వీధివారు కొందరు పంచిపెట్టడానికి బట్టలు మూటగట్టుకుని అవనిగడ్డ వైపు వెళ్ళారు. మా నాన్నా వెళ్ళారు. నాకప్పుడు పదిహేనేళ్ళు. నాలుగోరోజున తిరిగివచ్చి, నూతి దగ్గర చాలాసేపు స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని ఒక్క మాట అన్నారు: "అక్కడ ఎవరూ ఎవరి కులం అడగలేదురా. పోగేసి తగలబెట్టడమే." తరువాత ఏడాదిపాటు ఆయన మగ్గంమీద కాటిపద్యం పాడలేదు. ఉద్యోగవిజయాలలోని కృష్ణుడి పద్యాలు పాడేవారు, అదీ సన్నగా. చావును గూర్చి పాడేవాడు చావును ప్రేమిస్తాడని అనేవారికి యీ ఏడాది మౌనాన్ని చూపిస్తాను. నిజమైన కాడు చూసివచ్చినవాడికి పాటలోని కాడు కొంతకాలం పనికిరాలేదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మాత్రం ఆ అంటరానితనపు పద్యాన్ని మునుపటిలా సాగదీయలేదు. సంగతులు మానేసి మాటలు విడివిడిగా పలికేవారు. అరుగుమీద ఎదుటిపక్షంవారు గొంతు పోయిందన్నారు. పోయినది గొంతు కాదని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది.

మన పల్లెల్లో శ్మశానాలు మాత్రం యీనాటికీ చాలాచోట్ల కులానికొకటిగానే వున్నవి. జాషువాగారు చెప్పిన సమానత్వం పద్యంలో వున్నంత నిజంగా నేలమీద లేదు.

పోయిన వేసవిలో మా మనవరాలు పెడన వచ్చినప్పుడు కాటిపద్యాలు వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. పూర్తయిన తరువాత, "పాడింది సరే తాతయ్యా, రాసింది ఎవరు?" అన్నది. మా ఇంట మూడు తరాల్లో యెవరూ వేయని ప్రశ్న. చెప్పాను. 1941లో వచ్చిన ఆయన "గబ్బిలం" కూడా తీసి యిచ్చాను. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిచూరుకు వేలాడే గబ్బిలంతో కాశీవిశ్వనాథుడికి మొర పంపుకునే కావ్యం అని చెప్పాను. సోహోలోని గబ్బిలాల గుహ పేరు నాకు చెప్పినది ఆ పిల్లే. గాథ్‌వాళ్ళకు గబ్బిలం అలంకారం, యీయనకు తపాలా బంట్రోతు అన్నమాట అని నవ్వి, పుస్తకం సంచీలో పెట్టుకుని సాయంత్రం రైలుకు వెళ్ళిపోయింది. పుస్తకం ఇంకా తిరిగి యివ్వలేదు.