బడి దాకా రాని సొమ్ము: ఉగాండా లెక్కలు నేర్పిన పాఠం

1996లో ఉగాండాలో సర్వే బృందాలు 18 జిల్లాల్లోని 250 ప్రాథమిక పాఠశాలలకు వెళ్లాయి. 1991 నుంచి 1995 దాకా ఏ బడికి ప్రభుత్వ సొమ్ము ఎంత ముట్టిందో రికార్డులు తిరగేశాయి. రాజధాని కంపాలాలో విడుదలైన మొత్తాన్ని, బడి చేతికి అందిన మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూశాయి. విద్యార్థికి ఇంత చొప్పున ప్రభుత్వం మంజూరు చేసే తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడులకు చేరిందని తేలింది. అత్యధిక బడులకు చిల్లిగవ్వ కూడా అందలేదు. పరిపాలనలో సమాచారం పాత్ర గురించి గత పాతికేళ్లలో ప్రపంచమంతటా సాగిన చర్చకు ఈ ఒక్క అంకె మూలాధారమైంది.

ఈ సర్వే అవసరం ఎందుకు పడిందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. 1971లో సైనిక తిరుగుబాటుతో గద్దెనెక్కిన ఇడీ అమీన్ 1979 దాకా పాలించాడు. ఆ తర్వాత కూడా దేశం అంతర్యుద్ధాల్లో నలిగింది. 1986 జనవరిలో యొవేరి ముసెవేని అధికారానికి వచ్చేనాటికి ప్రభుత్వ యంత్రాంగం చాలామటుకు పేరుకే మిగిలింది. అయినా బడులు మూతపడలేదంటే ఆ ఘనత తల్లిదండ్రులది. ఉపాధ్యాయులతో కలిసి సంఘాలు కట్టి, చందాలు వేసుకుని, వారే బడులను నిలబెట్టారు. 1990ల తొలినాళ్లలో సైతం ప్రాథమిక విద్య ఖర్చులో సగానికి మించి వారి జేబుల్లోంచే వచ్చేది.

ఆర్థిక వ్యవస్థ కోలుకున్న కొద్దీ ప్రభుత్వం విద్యకు కేటాయింపులు పెంచుతూ పోయింది. విద్యాశాఖ గణాంకాలు మాత్రం బడిలో చేరే పిల్లల సంఖ్య పెరగడం లేదని చెప్పాయి. డబ్బు పెరిగి పిల్లలు పెరగకపోవడమేమిటన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు ఇమ్మాన్యుయెల్ అబ్లో, రిత్వా రైనికా ఈ సర్వేకు పూనుకున్నారు. వారికి రెండు సత్యాలు కనిపించాయి. సర్వే చేసిన బడుల్లో అయిదేళ్లలో పిల్లల సంఖ్య సుమారు 60 శాతం పెరిగింది. వారి కోసం విడుదలైన డబ్బులో అధిక భాగం దారిలోనే ఆగిపోయింది. తన బడుల్లో ఎందరు పిల్లలున్నారో, తానిచ్చిన సొమ్ము ఏమైందో, రెండూ ప్రభుత్వానికి తెలియవన్నమాట.

సొమ్ము ఆగింది జిల్లా కార్యాలయాల దగ్గర. కేంద్రం గ్రాంటును జిల్లాకు పంపి, చేరినట్టు రసీదు చూసుకుని, తన బాధ్యత తీరిందనుకునేది. కాలువ తలదగ్గర నీళ్లు వదిలి, శివారు పొలం తడిసిందో లేదో చూడని పద్ధతి అది. మళ్లిన డబ్బంతా అధికారుల ఇళ్లకే చేరలేదు. స్థానిక రాజకీయాలకు, అనుయాయులను నిలుపుకోవడానికి చాలా భాగం ఖర్చయిందని పరిశోధకుల అంచనా. నష్టం కూడా అందరికీ సమానంగా పడలేదు. కాస్త కలిగినవారు ఉండే ప్రాంతాల బడులు జిల్లా అధికారులతో బేరమాడి కొంతైనా రాబట్టుకున్నాయి. పేదలుండే చోటి బడులు ఉత్తచేతులతో మిగిలాయి. పిల్లలందరి కోసం ఉద్దేశించిన గ్రాంటు నిరుపేదలకే అందకుండా పోయింది.

ఈ సర్వేలో అందరూ ఉటంకించే 13 శాతం కన్నా లోతైన సంగతి మరొకటుంది. అదే జిల్లా కార్యాలయాల మీదుగా వచ్చే ఉపాధ్యాయుల జీతాలు అంతగా దారి తప్పలేదు. కారణం సులువుగానే బోధపడుతుంది. తనకు నెలకు ఎంత రావాలో ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. తగ్గితే అడుగుతాడు, రాకపోతే గొడవ చేస్తాడు. తలసరి గ్రాంటు అనేది ఒకటి ఉందనే చాలామంది ప్రధానోపాధ్యాయులకు తెలియదు. తల్లిదండ్రుల సంగతి చెప్పనక్కర్లేదు. హక్కుదారుకు తన హక్కు ఎంతో తెలిసిన చోట సొమ్ము నిలిచింది, తెలియని చోట కరిగింది.

సర్వే ఫలితాలు బయటపడ్డాక ఉగాండా ప్రభుత్వం వాటిని దాచిపెట్టలేదు. ఇది గౌరవంగా చెప్పుకోవలసిన విషయం. ఏ జిల్లాకు ఏ నెల ఎంత పంపుతున్నదీ ప్రధాన దినపత్రికల్లోనూ, వాటి స్థానిక భాషా సంచికల్లోనూ అచ్చువేయించడం మొదలుపెట్టింది. రేడియోలో చెప్పించింది. అందిన మొత్తాన్ని ప్రతి బడీ నోటీసు బోర్డు మీద రాసిపెట్టాలని ఆదేశించింది. ఊళ్లో అక్షరం వచ్చిన ఒక్కరున్నా ఆ బోర్డు చదివి పదిమందికీ చెప్పగలరు. లెక్క చెప్పవలసినవారు, అడగవలసినవారు ఒకే గోడ ముందు నిలబడే వీలు కలిగింది.

ఫలితం చప్పున కనిపించింది. 2001 నాటికి గ్రాంటులో 80 శాతానికి పైగా బడులకు చేరుతోందని తర్వాతి సర్వేలు తేల్చాయి. రైనికా, స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయానికి చెందిన యాకోబ్ స్వెన్సన్ కలిసి ఈ మార్పును మరింత నిశితంగా పరిశీలించారు. పత్రికలు అమ్మే చోటికి దగ్గరగా ఉన్న బడుల్లో మెరుగుదల ఎక్కువగా, దూరంగా ఉన్నవాటిలో తక్కువగా ఉందని వారు చూపించారు. గ్రాంటు నియమాలు, విడుదల తేదీలు తెలిసిన ప్రధానోపాధ్యాయులు దగ్గరి బడుల్లోనే ఎక్కువ. పత్రికా ప్రచారంతో అవినీతిని అరికట్టవచ్చన్న కథనం అక్కణ్నుంచి ప్రపంచమంతా పాకింది. అభివృద్ధి సంస్థల నివేదికల్లో ఉగాండా ఆదర్శ ఉదాహరణగా నిలిచిపోయింది.

చరిత్రకారుడు ఇక్కడ కొంచెం ఆగాలి. 2007లో పాల్ హబ్బర్డ్ అనే పరిశోధకుడు ఈ కథలో వదిలేసిన భాగాలను ముందుకు తెచ్చాడు. ఆ అయిదారేళ్లలో ఉగాండాలో మారింది పత్రికా ప్రకటనలొక్కటే కాదు. 1997లో సార్వత్రిక ప్రాథమిక విద్య అమల్లోకి వచ్చింది. మొదట కుటుంబానికి నలుగురు పిల్లలకు ఫీజు రద్దయింది. ఒక్క ఏడాదిలో విద్యార్థుల సంఖ్య 30 లక్షల నుంచి 50 లక్షలు దాటింది. అదే ఏడాది స్థానిక ప్రభుత్వాల చట్టం వచ్చింది. 1998లో అధిక రుణభార పేద దేశాల పథకం కింద రుణమాఫీ పొందిన మొదటి దేశం ఉగాండాయే. అలా మిగిలిన డబ్బును పేదరిక నిర్మూలన నిధిగా విడిగా ఉంచి, దాని సమీక్షా సమావేశాలకు స్వచ్ఛంద సంస్థలను, విలేకరులను పిలిచారు. ఉగాండా రుణ వేదిక వంటి సంఘాలు ఊళ్లలో పనుల పర్యవేక్షణకు మామూలు జనానికి శిక్షణనిచ్చాయి. వీటన్నిటి వెనుక ఇమ్మాన్యుయెల్ తుముసీమె ముతెబిలె కార్యదర్శిగా నడిపిన ఆర్థిక శాఖ పట్టుదల ఉంది. పైగా గ్రాంటు మొత్తమే బాగా పెరిగింది. కాబట్టి దారి మళ్లిన శాతం పడిపోయినంతగా దారి మళ్లిన సొమ్ము పడిపోలేదు. పత్రికల పాత్రను హబ్బర్డ్ కొట్టివేయలేదు, దాని పక్కన నిలబడిన తోడులను చూపించాడు.

ఇతర ఆఫ్రికా దేశాల అనుభవం ఈ వాదనకు బలమిస్తుంది. జాంబియాలో ప్రతి బడికీ ఒకే మొత్తం అని నియమం పెట్టిన గ్రాంటు 90 శాతానికి పైగా బడులకు చేరింది. ఎవరికి ఎంతన్నది అధికారుల ఇష్టానికి వదిలిన నిధులు కొద్ది బడులకే దక్కాయి. చాద్‌లో 2004లో జరిగిన సర్వేలో, జీతాలు పోగా ఆరోగ్య కేంద్రాల కోసం కేటాయించిన నిధుల్లో ఒక్క శాతం కూడా వాటికి చేరలేదని తేలింది. ఊరికొచ్చే వాటా ఎంతో ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే దాన్ని ఊరివాళ్లు అడిగి తీసుకోగలరు. నియమం గందరగోళంగా ఉన్న చోట ఎంత అచ్చువేసినా అది కాగితమే.

ఉగాండా ఆరోగ్య కేంద్రాల్లో జరిగిన ప్రయోగాలు మరో మలుపు. మార్తినా బ్యోర్క్‌మన్, స్వెన్సన్ 9 జిల్లాల్లోని 50 కేంద్రాల్లో పనితీరు పత్రాలు తయారుచేయించి, ఊరివారిని, సిబ్బందిని ఒకచోట కూర్చోబెట్టారు. ఆ ఊళ్లలో అయిదేళ్లలోపు పిల్లల మరణాలు సుమారు మూడోవంతు తగ్గాయని 2009లో ప్రకటించారు. ఎంతో ఆశ కలిగించిన ఫలితమిది. తర్వాత ఇతర పరిశోధకులు 376 కేంద్రాల్లో ఇలాంటి ప్రయత్నమే చేస్తే పిల్లల మరణాల్లో మార్పు కనబడలేదు. కెన్యాలో ఉవెజో సంస్థ ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు స్థాయిని పరీక్షించి తల్లిదండ్రులకు చెప్పింది. మన దేశంలోని అసర్ సర్వే నమూనాలో పుట్టిన ప్రయత్నమది. పిల్లవాడికి చదవడం రాదని తెలిసినంత మాత్రాన తల్లిదండ్రులు బడి మీదికి కదలలేదని పరిశీలనలో తేలింది. తెలిశాక ఎవరిని అడగాలి, అడిగితే ఎవరు పలుకుతారు అన్నవి తేలకపోతే తెలుసుకోవడం నిట్టూర్పుతోనే ముగుస్తుంది.

తెలుగువారికి దగ్గరగా తోచే అధ్యాయం కెన్యా రేవుపట్నం మొంబాసాలో ఉంది. 2003 చట్టంతో కెన్యా తన ఆదాయంలో 2.5 శాతాన్ని నియోజకవర్గ అభివృద్ధి నిధికి కేటాయించింది. ఆ నిధి లెక్కలు తేల్చాలని ముహూరి అనే మానవ హక్కుల సంస్థ 2007లో మొంబాసాలోని చంగమ్వె నియోజకవర్గంలో సామాజిక తనిఖీ చేపట్టింది. అప్పటికి అక్కడ సమాచార హక్కు చట్టం లేదు. అధికారులను ఒప్పించి రికార్డులు సంపాదించారు, ఊరేగింపులు తీశారు, బహిరంగ సభలో పద్దులు చదివి వినిపించారు. ఈ విద్యను నేర్పడానికి రాజస్థాన్ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నుంచి వెళ్లిన సౌమ్య కిడాంబి, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీ సంస్థకు సంచాలకులయ్యారు. ఉపాధి హామీ మస్టర్ రోళ్లను గ్రామసభల్లో చదివిన మన పద్ధతి, చంగమ్వె సభ ఒకే వంశానికి చెందినవి.

కంపాలా కథ విజయంతో ముగిసిపోలేదు. 2005లో ఉగాండా సమాచార హక్కు చట్టం చేసింది. 2012లో మాత్రం, యుద్ధంతో చితికిన ఉత్తర ప్రాంత పునర్నిర్మాణానికి దాతలిచ్చిన లక్షలాది డాలర్లు ప్రధానమంత్రి కార్యాలయంలోనే మాయమైనట్టు ఆ దేశ ఆడిటర్ జనరల్ తనిఖీలో బయటపడింది. ఐర్లాండ్, నార్వే, డెన్మార్క్, బ్రిటన్ సాయం నిలిపివేశాయి. బడి గోడ మీది అంకె బడి నిధినే కాపాడగలిగింది. పైఅంతస్తుల్లో జరిగే దోపిడీని చూడటానికి అక్కడ అలాంటి గోడ లేదు.

ఈ చరిత్ర ఇచ్చే తీర్పు స్పష్టంగానే ఉంది. సమాచారం సుపరిపాలనగా మారడానికి నాలుగు తోడులు కావాలి: ఒక్క వాక్యంలో చెప్పగల నియమం, జనం భాషలో జనం మసలే చోట ప్రకటన, అడిగినవారికి రక్షణ, విని చర్య తీసుకునే పై అధికారం. వీటిలో ఒకటి కొరవడినా మిగతా మూడింటి బలం సన్నగిల్లుతుంది. ఆఫ్రికా దేశాల్లో నేడు బడ్జెట్ పోర్టళ్లు, బహిరంగ డేటా వేదికలు ఎన్నో వెలుస్తున్నాయి. వాటిని కొలవాల్సింది ఎన్ని పట్టికలు పెట్టారన్న దానితో కాదు. మారుమూల బడి ప్రధానోపాధ్యాయురాలికి తన బడి వాటా ఎంతో తెలుసా, అది రాకపోతే అడిగే చోటు ఆమెకు ఉందా అన్న ప్రశ్నతో కొలవాలి. అదే ప్రశ్న మన ఊరి బడి ముందు నిలబడి మనమూ వేసుకోవాలి.