సెకనుకు 30 అక్షరాలు

1970ల చివర్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ ముందు కూర్చోవడమంటే టెర్మినల్ ముందు కూర్చోవడమే. అసలు యంత్రం వేరే ఎక్కడో ఉండేది. విద్యార్థి ఎదుట ఒక తెర, ఒక కీబోర్డు. తెర మీద 24 వరసలు, వరసకు 80 అక్షరాలు. ఇంటి నుంచి ఫోను లైను మీద, మోడెంతో పనిచేసేవాళ్లకు అక్షరాలు సెకనుకు 30 చొప్పున దిగేవి. తెర నిండాలంటే 1,920 అక్షరాలు కావాలి, అంటే నిమిషం పైమాటే. ఒక్క అక్షరం మారినప్పుడల్లా తెరంతా మళ్లీ రాయాలంటే ఎవరికుంటుంది అంత ఓపిక?

దీనికి తోడు ఇంకో చిక్కు. కర్సర్‌ను ఫలానా చోటికి పంపాలంటే ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు ఒక సంకేతం, వీటీ52కు ఇంకొకటి, వీటీ100కు మరొకటి. ఒకదాని కోసం రాసిన ప్రోగ్రాం మరోదాని మీద నడిపితే తెర నిండా చెత్త.

బర్క్‌లీలో ఆ రెండు చిక్కులతోనూ కుస్తీ పట్టినవాడు బిల్ జాయ్. ఇంట్లో ఏడీఎం-3ఏ, నత్తనడక మోడెం పెట్టుకుని ఆయన 'వీఐ' అనే ఎడిటర్ రాస్తున్నాడు. ఏ టెర్మినల్‌కు ఏ సంకేతమో ప్రోగ్రాంలోంచి తీసేసి, 'టెర్మ్‌క్యాప్' అనే మామూలు ఫైలులో జాబితాగా పెట్టాడు. కొత్త టెర్మినల్ వస్తే ఫైలులో దాని వివరం చేరిస్తే చాలు. కర్సర్‌ను అతి తక్కువ అక్షరాల ఖర్చుతో కదిలించే దారులూ లెక్క కట్టాడు. కానీ ఆ తెలివంతా వీఐ కడుపులోనే ఉండిపోయింది. మరొకరికి అలాంటి ప్రోగ్రాం కావాలంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

అదే బర్క్‌లీలో ఉన్న కెన్ ఆర్నాల్డ్ ఆ ముక్కలను వీఐలోంచి బయటికి తీశాడు. దాదాపు ఉన్నవున్నట్టే తీసుకున్నానని, జాయ్ పని లేకపోతే తన లైబ్రరీయే లేదని వివరణ పత్రంలో బాహాటంగా రాసుకున్నాడు. ఆ నిజాయితీ నాకు ఆ లైబ్రరీ అంత ఇష్టం. దాని పేరు కర్సెస్.

అందులో కంప్యూటర్ రెండు తెరలను గుర్తుంచుకుంటుంది. ఒకటి ఇప్పుడు టెర్మినల్ మీద ఉన్నది, రెండోది ప్రోగ్రాం కోరుకుంటున్నది. ప్రోగ్రాం రెండో దాని మీద ఇష్టమొచ్చినట్టు రాసుకుంటుంది. 'రిఫ్రెష్' అనగానే లైబ్రరీ రెంటినీ పోల్చి, తేడాలను మాత్రమే పంపుతుంది. ముగ్గులో ఒక గీత తప్పితే ఆ గీతే దిద్దుతాం గానీ వాకిలంతా కడగం కదా!

దాని బలం చూపించింది ఒక ఆట. శాంతాక్రూజ్‌లో చదువుతున్న మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ 'రోగ్' రాశారు. నేలమాళిగ గోడలు గీతలు, నేల చుక్కలు, రాక్షసులు ఇంగ్లిష్ అక్షరాలు, వీరుడు '@' గుర్తు. వీరుడు ఒక అడుగు కుడికి వేస్తే ఏడీఎం-3ఏకు కర్సర్‌ను చేర్చే నాలుగు అక్షరాలు, పాత చోట ఒక చుక్క, పక్కన '@'. మొత్తం ఆరు. నిమిషం పట్టాల్సిన పని సెకనులో అయిదో వంతులో అయిపోయింది. తర్వాత టాయ్ బర్క్‌లీ చేరడం, అక్కడ ఆర్నాల్డ్ తారసపడడం రోగ్‌కు కలిసొచ్చిన అదృష్టం. లైబ్రరీ రాసినవాడే ఆటకు చేయి కలిపాడు.

బర్క్‌లీ నుంచి బెల్ ల్యాబ్స్‌కు వెళ్లిన మేరీ ఆన్ హార్టన్ టెర్మ్‌క్యాప్ స్థానంలో 'టెర్మిన్ఫో'ను తెచ్చి కర్సెస్‌ను పెంచారు. అయితే అది బెల్ ల్యాబ్స్ మాతృసంస్థ ఏటీ అండ్ టీ సొత్తు. అందరికీ అందేలా పావెల్ కర్టిస్ 1980ల్లో అలాంటిదే సొంతంగా రాశాడు. దాన్ని పట్టుకుని జైద్ బెన్-హలీం 1993లో 'ఎన్‌కర్సెస్' విడుదల చేశాడు. ఆ తర్వాత దాని మీద ఎరిక్ రేమండ్, యుర్గెన్ ఫైఫర్ చేతులు పడ్డాయి. 1990ల నడిమి నుంచి థామస్ డికీ దాన్ని సాకుతూ వస్తున్నాడు.

నేడు లినక్స్‌లో నానో తెరిచినా, హెచ్‌టాప్ నడిపినా వెనక ఉన్నది ఎన్‌కర్సెసే. చైనా అక్షరానికి రెండు గళ్లు ఇవ్వడం కూడా అది నేర్చుకుంది. మన 'స్త్రీ' దగ్గరకు వచ్చేసరికి మాత్రం తడబాటే. గళ్ల పట్టిక స, త, రలకు విడివిడిగా లెక్క కట్టి మూడు గళ్లు కేటాయిస్తుంది. కంటికి కనిపించేది ఒకే అక్షరం. అందుకే తెలుగు వరసలో కర్సర్ ఒకచోట, అక్షరం మరోచోట తేలుతుంటాయి.