ముప్పై ఏళ్ళ అప్పు, అయిదేళ్ళ కాపురం

అమెరికాలో ఇల్లు కొనే మనవాళ్ళు ముప్పై ఏళ్ళ స్థిరవడ్డీ అప్పు మీద సంతకం పెడతారు. అదే రోజు "ఇక్కడ నాలుగైదేళ్ళకంటే ఉండం లెండి" అని కూడా అంటారు. ఈ రెండు మాటలూ ఎలా జతకూడాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1920లలో ఇక్కడి ఇంటి అప్పులకి గడువు మహా అయితే పదేళ్ళు. ధరలో సగం దాకా చేతినుంచి పెట్టాలి. చాలామంది వడ్డీ మాత్రం కడుతూ, గడువు తీరగానే ఇంకో అప్పు రాయించుకునేవారు. మన ఊళ్ళలో నోటు తిరగరాయడం లాంటిదే. మహామాంద్యం వచ్చాక తిరగరాసేవాడు కరువయ్యాడు, ఇళ్ళు పోయాయి. 1933లో ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ పెట్టి, సుమారు పది లక్షల అప్పులు తన మీద వేసుకుని, పదిహేనేళ్ళ వాయిదాలుగా మార్చింది. 1934లో వచ్చిన ఎఫ్‌హెచ్‌ఏ ఆ గడువును ఇంకా సాగదీసింది. యుద్ధం తర్వాత అది ముప్పై ఏళ్ళయింది. అంటే ఈ అప్పు పుట్టిందే కదలకుండా ఉండేవాడి భయం తీర్చడానికి.

1981 అక్టోబరులో వడ్డీ 18 శాతం దాటింది. పాత చవక అప్పులు మోస్తున్న పొదుపు సంస్థలు కుదేలయ్యాయి. మారే వడ్డీ అప్పు (ఇక్కడివాళ్ళు ఆర్మ్ అంటారు) దేశమంతటా వాడుకలోకి వచ్చింది అప్పుడే. మొదటి కొన్నేళ్ళు వడ్డీ తక్కువ, ఆ తర్వాత బజారుని బట్టి. త్వరగా ఇల్లు మారేవాడికి ఇది అతికినట్టు సరిపోతుందని లెక్క.

లెక్క తప్పని నేననను. 4,00,000 డాలర్ల అప్పుకి స్థిరవడ్డీ 6.75, ఆర్మ్ 6 శాతం అనుకుందాం. నెలకి 2,594 బదులు 2,398. అయిదేళ్ళలో 11,700 పైగా మిగులు. 2004 ఫిబ్రవరిలో ఫెడరల్ రిజర్వ్ అధిపతి గ్రీన్‌స్పాన్ కూడా ఇలాంటి మాటే చెప్పాడు. ఆ ఏడాది జూన్ నుంచే ఫెడ్ వడ్డీ పెంచడం మొదలుపెట్టి, రెండేళ్ళలో 1 నుంచి 5.25 శాతానికి తీసుకెళ్ళింది. పాపం, అమ్ముకుని వెళ్ళిపోదామనుకున్నవాళ్ళకి 2007, 2008లలో కొనేవాడు దొరకలేదు. 1930లలో నోటు తిరగరాయలేకపోయినవాడి కష్టమే, వేషం మారిందంతే.

అందుకే "ఎప్పుడు మారతారు?" అని కాదు, "మారలేకపోతే?" అని అడుగుతాను. పైన చెప్పిన ఆర్మ్‌కి పెరుగుదల హద్దు 5 శాతం అయితే, ఆరో ఏడే వడ్డీ 11కి పోవచ్చు. వాయిదా 3,648 అవుతుంది. హెచ్‌1బీ మీద ఒక్క జీతంతో నడిచే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఆ వాయిదా కట్టగలిగేవాళ్ళు ఆర్మ్ నిశ్చింతగా తీసుకోవచ్చు, మిగులు వాళ్ళదే.

ఇక స్థిరవడ్డీకీ ఒక తిరకాసుంది. 2021 జనవరిలో 2.65 శాతానికి దిగినప్పుడు తీసుకున్నవాళ్ళు 2023లో దాదాపు 8 చూసి ఇల్లు కదలలేకపోయారు. ఇల్లు అమ్మితే అప్పు తీర్చెయ్యాలనే షరతుకి 1982 చట్టం బలమిచ్చింది. ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ అప్పులైతే కొనేవాడు అర్హుడైతే అతని పేరుకి మార్చవచ్చు. ఇంగ్లండులో మటుకు చాలా బ్యాంకులు పాత వడ్డీని కొత్త ఇంటికి మోసుకెళ్ళనిస్తాయి. ఇక్కడ ఆ అలవాటు లేదు.