వాహనములో రేడియో, దాని గొంతుక

నేడు అమెరికాలో పికప్ ట్రక్కు గల గృహస్థుడు తన బండిలో సంగీతము ఇంపుగా లేదని మెకానికు వద్దకు పోయినచో, ఆ మెకానికు సాధారణముగా రేడియో జోలికి పోడు. తలుపులలోని స్పీకర్లను విప్పి, వాని స్థానమున మేలైనవి బిగించి, అవసరమైనచో సీటు వెనుక ఒక ఆంప్లిఫయరు అమర్చి, కంపెనీ రేడియోను ఉన్నది ఉన్నట్లే విడిచిపెట్టును. సుమారు నలువది సంవత్సరముల క్రిందట ఇదే పనికి వచ్చినవానికి మొదట ఊడదీయబడెడిది ఆ రేడియోయే. ఈ తారుమారు ఎట్లు జరిగెను? రేడియో చరిత్ర యనగానే ప్రసార కేంద్రముల చరిత్ర యని మనము తలచెదము. కాని వినువాని చెంతనున్న పెట్టెకును, ఆ పెట్టె గొంతుక యనదగిన స్పీకరుకును వేరొక చరిత్ర కలదు. ఆ రెండును ఒకే దారిన నడువలేదు. పెట్టె నానాటికి చిక్కుపడుచు వచ్చెను. గొంతుక సాదాగానే నిలిచెను. ఈ భేదమును గుర్తించినచో తక్కిన కథ సులభముగా బోధపడును.

ముందు గొంతుక సంగతి చూతము. డెన్మార్కులో జన్మించి అమెరికా చేరిన పీటర్ జెన్సెన్, తన మిత్రుడైన ఎడ్విన్ ప్రిడమ్‌తో కూడి కాలిఫోర్నియాలోని నాపా పట్టణమున 1915 లో బాకా అమర్చిన లౌడ్‌స్పీకరును పనిచేయించెను. దానికి వారు పెట్టిన పేరు మాగ్నవాక్స్. లాటిను భాషలో మహాస్వరమని దాని అర్థము. 1919 లో అధ్యక్షుడు విల్సన్ శాండియేగో నగరమున అట్టి యంత్రము సాయముననే వేలాది జనులకు తన ఉపన్యాసమును వినిపించెను. అయినను బాకా ఉన్నంతకాలము లౌడ్‌స్పీకరు సభలకు తగినదే కాని, ఇరుకు చోటులకు తగినది కాదు. ఆ బాకాను తీసివేసినవారు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇద్దరు ఇంజనీరులు. 1925 లో వారు ప్రకటించిన వ్యాసము నేటికిని చదువదగినదే. కాగితపు శంఖువు కొనకు సన్నని తీగచుట్ట నొకదానిని అతికించి, దానిని అయస్కాంతపు సందులో వ్రేలాడదీసి, ఆ తీగలో విద్యుత్తును ఆడించినచో శంఖువు ముందు వెనుకలకు కదలి గాలిని కదలించును. అంతే యంత్రము, దానికి కావలసినవి రెండు తీగలు మాత్రమే. ఒక్క చిక్కు మాత్రము కలదు. శంఖువు ముందువైపున పుట్టిన తరంగము, వెనుకవైపున పుట్టిన తరంగము కలిసికొన్నచో మంద్రస్వరములు ఒకదానినొకటి చంపుకొనును. అందుచే నడుమ ఒక అడ్డుపలక ఉండవలెను. ఈ అడ్డుపలక మాట పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ట్రక్కు తలుపు కడకు వచ్చినప్పుడు దానితో మనకు మరల పని పడును.

ఇక పెట్టె. చికాగోలోని గాల్విన్ కంపెనీవారు 1930 లో మోటారు కారుకు తగిన రేడియోను తయారుచేసిరి. పాల్ గాల్విన్ దానిని తన కారులో బిగించుకొని, రేడియో తయారీదారుల మహాసభ జరుగుచున్న అట్లాంటిక్ సిటీకి పోయి, వచ్చినవారికెల్ల వినిపించెను. దాని పేరు మోటరోలా. వెల 110 మొదలు 130 డాలర్ల వరకు ఉండెను. ఆ దినములలో క్రొత్త ఫోర్డు కారు ఆరువందల డాలర్ల లోపుననే వచ్చెడిదన్నచో, ఈ ముచ్చట ఎంత ఖరీదైనదో ఊహింపవచ్చును. బిగించుటయు సామాన్యమైన పని కాదు. రేడియో వాల్వులకు కావలసిన హెచ్చు వోల్టేజి కారు బ్యాటరీ నుండి నేరుగా రాదు గనుక, ప్రత్యేకపు బ్యాటరీలను నేలపలక క్రింద అమర్చవలసి వచ్చెను. ఇంజను స్పార్కుల వలన కలిగెడి చిటపట ధ్వనులను అణచుటకు వేరు ఉపకరణములు కావలసి వచ్చెను. స్పీకరులోని అయస్కాంతము సైతము విద్యుదయస్కాంతమే. అది బండి బ్యాటరీని త్రాగుచుండెను. 1932 లో జర్మనీలో బ్లాపుంక్ట్ వారు విక్రయించిన తొలి కారు రేడియో వెల 465 మార్కులు, అనగా చిన్న కారు వెలలో ఇంచుమించు మూడవవంతు. రేడియో వినుచు బండి తోలినచో ప్రమాదములు హెచ్చునని, దానిని నిషేధింపవలెనని అమెరికాలోని మసాచుసెట్స్ వంటి రాష్ట్రములలో ప్రతిపాదనలు సైతము బయలుదేరెను. అవి నిలువలేదు.

ఇట్లు ఆదికాలమున రేడియో వాహనమునకు అతిథి. అది లేకున్నను బండికి లోటు లేదు. అందులోను ట్రక్కు కాయకష్టపు బండి గనుక, దానికి ఈ భోగము చాల ఆలస్యముగ వచ్చెను. షెవ్రొలే వారి ట్రక్కులలో డ్యాష్‌బోర్డునందే రేడియో అమర్చుకొను వీలు 1947 నాటి క్రొత్త నమూనాతో గాని కలుగలేదు. అదియు కోరి డబ్బిచ్చి పెట్టించుకొనినవారికే. అప్పటికి స్పీకరులో ఒక మేలిమార్పు వచ్చియుండెను. జపాను శాస్త్రజ్ఞుడు మిషిమా 1931 లో నికెలు, అల్యూమినియములను ఉక్కుతో కలిపి బలమైన శాశ్వతాయస్కాంతమును కనుగొనెను. దానినుండి పెంపొందిన ఆల్నికో లోహము వలన స్పీకరు బ్యాటరీని త్రాగుట మానెను. ఇట్టి మార్పులు ఎన్ని వచ్చినను వెలుపలికి మాత్రము అవే రెండు తీగలు.

1955 లో ఫిల్కో, క్రైస్లరు సంస్థలు వాల్వులు లేని, పూర్తిగా ట్రాన్సిస్టరులతో పనిచేయు కారు రేడియోను ప్రకటించెను. మరుసటి సంవత్సరపు క్రైస్లరు కార్లలో నిమిషమునకు పదునారున్నర చుట్లకు కొంచెము హెచ్చుగా తిరిగెడి గ్రామఫోను రికార్డు యంత్రము కూడ వచ్చెను. కొలంబియా ప్రసార సంస్థకు చెందిన పీటర్ గోల్డ్‌మార్క్ దానికి కర్త. గతుకుల దారిలో సూది ఎగురుచుండగా అది ఎంతకాలము బ్రతుకును! మనకు ముఖ్యమైనది వేరొకటి. 1950, 1960 దశాబ్దములలో శబ్దమును మెరుగుపరచుకొనగోరినవారు కంపెనీ రేడియోను తీసివేయలేదు. దానికి చేర్పులు చేసిరి. వెనుక సీటు వద్ద రెండవ స్పీకరు పెట్టి, రెంటి నడుమ శబ్దమును పంచుటకు ఒక మీట అమర్చుకొనిరి. ఎఫ్.ఎం. ప్రసారములను కంపెనీ రేడియోకు అందునట్లు మార్చియిచ్చు చిన్న పెట్టెలు డ్యాష్‌బోర్డు క్రింద వ్రేలాడెను. 1962 లో లాస్ ఏంజెలెస్‌లో ఎర్ల్ మంట్జ్ అమ్మిన టేపు యంత్రము, 1965 లో బిల్ లియర్ పూనికతో ఫోర్డు కార్లలోనికి వచ్చిన ఎనిమిది ట్రాకుల టేపు, ఈ వరుసలోనివే. కావున కంపెనీ రేడియోను నిలుపుకొని పనులు చేసికొనుట నేటి క్రొత్త వింత కాదు.

దానిని ఊడబెరికిన కాలము 1970 తరువాతది. కారణము కేవలము ఫ్యాషను కాదు, లెక్క. బండి నడచుచుండగా విద్యుత్తు సుమారు 14 వోల్టులు. పాత పద్ధతి ప్రకారము స్పీకరు యొక్క ఒక తీగను బండి లోహమునకే కలిపినచో, నాలుగు ఓముల స్పీకరుకు ఆరు వాట్లకు మించి ముట్టవు. రెండు ఆంప్లిఫయర్లను ఎదురెదురుగా నిలిపి స్పీకరును వాని నడుమ కట్టినచో, సిద్ధాంతరీత్యా అంతకు నాలుగురెట్లు, ఆచరణలో ఇరువది వాట్ల దగ్గరగా ముట్టును. విడిగా అమ్మెడి రేడియోలు ఈ పద్ధతిని ముందుగా అందుకొనగా, కంపెనీ పెట్టెలు వెనుకబడెను. జర్మను ప్రమాణము ననుసరించి 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు గల రేడియో అర 1984 లో అంతర్జాతీయ ప్రమాణమైనది. ఏ కంపెనీ పెట్టెయైనను ఏ బండిలోనైనను ఇమిడెడి ఆ రోజులను మేము మరమ్మతుదారుల స్వర్ణయుగ మనెదము. జెన్సెన్ పేర వెలసిన సంస్థ స్పీకర్లు ఆ కాలమున అమెరికా బండ్లలో విరివిగా కనబడెను. ఆయన 1961 లోనే మరణించియుండెను.

ఇంతలో కంపెనీలును మేల్కొనెను. ఇందు మన దేశమునకు ఒక చుట్టరికము కలదు. బెంగాలు విప్లవకారుడైన ననీ గోపాల్ బోస్ ఆంగ్ల ప్రభుత్వపు బాధ తప్పించుకొని అమెరికా చేరెను. ఆయన కుమారుడు అమర్ బోస్ రెండవ ప్రపంచయుద్ధ కాలమున బాలుడై యుండియు రేడియోలు మరమ్మతు చేసి కుటుంబమునకు తోడ్పడెను. పిదప మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడై, 1964 లో తన పేర సంస్థను స్థాపించెను. జనరల్ మోటార్సు వారితో కలిసి ఆయన సంస్థ రూపొందించిన ఏర్పాటు 1983 నమూనా క్యాడిలాక్ సెవిల్ మున్నగు కార్లలో వచ్చెను. ప్రతి స్పీకరుకు తన పెట్టె, తన ఆంప్లిఫయరు. ప్రతి కారు లోపలి గాజు, గుడ్డ, సీట్లను లెక్కించి శబ్దమును సవరించుట. వినుటకు అది మేలే. కాని పెట్టెయు, గొంతుకయు, బండియు ఒకదాని కొకటి కొలిచి కుట్టిన దుస్తులైనవి. ఒకదానిని మార్చినచో రెండవది అతుకదు.

అటుపై చిక్కు మరింత బిగిసెను. బాష్ సంస్థ 1986 లో ప్రకటించిన ‘క్యాన్’ అను తీగల ఏర్పాటు వలన బండిలోని యంత్రాంగములు ఒకే జంట తీగలపై పరస్పరము మాటలాడుకొన నేర్చెను. రేడియో కూడ ఇట్టి సంభాషణలలో చేరెను. 2000 తరువాతి జనరల్ మోటార్సు ట్రక్కులలో బెల్టు పెట్టుకొనలేదని హెచ్చరించు గంట, మలుపు దీపపు టిక్కుటిక్కు రేడియో ద్వారానే స్పీకరులో మ్రోగును. అచ్చట రేడియోను పెరికినచో గంటయు మూగవోవును. 2001 నాటి బి.ఎం.డబ్ల్యు. పెద్ద కార్లలో ధ్వని గాజునారలో అంకెల రూపమున ప్రవహించెను. తీగను కోసి అందుకొనుటకు అందు శబ్దమే లేదు. శీతలయంత్రపు మీటలు, వెనుక కెమెరా బొమ్మ, అన్నియు ఒకే తెరలో చేరెను. అతిథిగా వచ్చినది ఇంటి యజమాని యైనది. బండి కొన్నవానికి దానిని మార్చుకొను స్వేచ్ఛ ఎంతవరకు కలదన్న ప్రశ్న ఇందుండి పుట్టినదే. ఒకప్పుడు రేడియోను నిషేధింపజూచిన ఆ మసాచుసెట్సులోనే, మరమ్మతు సమాచారమును స్వతంత్ర మెకానికులకు సైతము ఈయవలెనని 2012 లో ప్రజలు ఓటు వేసి శాసనము చేయించిరి.

ఇట్టి కోటలో మెకానికుకు తెరచియుండిన ద్వారము ఆ రెండు తీగలే. ట్రక్కు యజమాని స్పీకరును మార్చుటకు పరుగిడుటలో ఆశ్చర్యమేమున్నది? అయినను ఈ పని అంత సులువు కాదు. కొన్ని కంపెనీ స్పీకర్లు రెండు ఓములవి. అచ్చట నాలుగు ఓముల దానిని కట్టినచో శక్తి ఇంచుమించు సగమగును, క్రొత్తది పాతదానికంటె మెల్లగా పలుకును. రెండవది: చవుక కాగితపు స్పీకరు చిరిగిపోకుండ, శబ్దము పెంచినకొలది మంద్రస్వరములను తగ్గించునట్లు కంపెనీవారు రేడియోలోనే సవరణ చేసియుందురు. స్పీకరు మారినను ఆ సవరణ మారదు. మంచి గాయకునికి చెడ్డ పాట నేర్పినట్లుండును. అందుచే కంపెనీ రేడియో నుండి స్పీకరుకు పోవు సంకేతమును పట్టి, వంకరను సరిచేసి, ఆంప్లిఫయరుకు అందించు డిజిటల్ యంత్రములు వెలసెను. మూడవది తలుపు. ట్రక్కుకు కారువలె వెనుక సామాను గది లేదు; సీటు వెనుకనే గోడ. స్పీకరుకు దిక్కు తలుపే. ఆ తలుపు లోరేకు నిండ రంధ్రములు. శంఖువు వెనుకటి తరంగము ఆ రంధ్రముల గుండ ముందుకు వచ్చి మంద్రమును మ్రింగును. రైస్, కెలాగ్ చెప్పిన అడ్డుపలక ఇదే. మంచి మెకానికు ఖరీదైన స్పీకరుకంటె ముందు ఆ రంధ్రములను మూసి, రేకు అదరకుండ బరువైన పట్టీ అంటించును. వెల తక్కువ, ఫలితము ఎక్కువ యైన ఈ పనిని కొనువారు సాధారణముగా అడుగరు. చేసినవాని పనితనము మాత్రము మొదటి పాటకే తెలియును.

మన లారీల కథ వేరు. చిరకాలము మన దేశమున లారీ కంపెనీలు ఇంజను, చట్రము మాత్రమే అమ్మెడివి. క్యాబినును, తొట్టిని విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల వడ్రంగులు, కమ్మరులు, పెయింటర్లు కూడి కట్టెడివారు. కంపెనీ రేడియోయే లేదు గనుక దానిని ఉంచుటయా, తీయుటయా అన్న ప్రశ్న పుట్టలేదు. డ్రైవరు తనకు నచ్చిన టేపురికార్డరును తెచ్చుకొని, పైకప్పున స్పీకర్లను బిగించుకొని, రాత్రి దారులను పాటలతో గడిపెను. క్యాబినుతో సహా కంపెనీయే ఇచ్చెడి బండ్లు పెరిగిన పిదపనే ఈ చిక్కు మన మెకానికుల ముంగిటికి వచ్చెను.

ఇటీవల ఆ రెండు తీగలకును ముప్పు కనబడుచున్నది. 2015 నాటికే ఫోర్డు ఎఫ్-150 ట్రక్కులో చిన్న ఇంజను ధ్వని గంభీరముగ తోచునట్లు స్పీకర్ల ద్వారా శబ్దము చేర్చబడెను. కొన్ని ట్రక్కులలో క్యాబిను కప్పున మైకులు దాగి ఇంజను రొదను వినుచుండును. దానికి ఎదురు తరంగమును స్పీకర్ల నుండి పంపి రొదను అణచును. అట్టి బండిలో మంద్రస్వరపు పెద్ద స్పీకరు నమర్చినచో ఆ మైకులు సంగీతమునే రొద యని భ్రమించి, దానితో పెనుగులాడి, క్యాబినంతయు హోరెత్తును. కారణము తెలిసిన మెకానికు స్పీకరును నిందింపక, ముందుగా కప్పు లోపలిగుడ్డను కొంచెము దించి ఆ మైకు తీగను వెదకును.