ఎద్దు తలకాయ కథ - భూమి లెక్క

స్కాట్లాండ్ చరిత్రలో ‘నల్ల విందు’ అని ఒక కథ ఉంది. 1440 నవంబరు 24న ఎడిన్‌బరో కోటలో, పదేళ్ల రాజు ఎదుట, భోజనాల మధ్య నల్ల ఎద్దు తలకాయ తెచ్చిపెట్టారట. అది చావుకు గుర్తట. వెంటనే డగ్లస్ వంశపు అన్నదమ్ములిద్దర్నీ ఈడ్చుకెళ్లి తలలు నరికారట. తలలు తెగింది నిజం. ఎద్దు తలకాయ మాత్రం తర్వాతి శతాబ్దపు చరిత్రకారుల రాతల్లోంచి వచ్చింది. ఈ కథలో ప్రధాన దోషిగా నిలబడినవాడు సర్ విలియం క్రైటన్. ఆయన్ని మేము మంచివాడని చెప్పబోవడం లేదు. ఆ చావుల వల్ల ఎవరికేం దక్కిందని మాత్రం అడుగుతున్నాం.

క్రైటన్‌ది పెద్ద ఎర్ల్‌ల వంశం కాదు. ఎడిన్‌బరో దగ్గరి మిడ్‌లోథియన్‌లో ఓ మాదిరి భూస్వామి కుటుంబం. మొదటి జేమ్స్ రాజు కొలువే ఆయన్ని పైకి తెచ్చింది. 1426లో నార్వే రాజు దగ్గరికి రాయబారం వెళ్లాడు. తర్వాత రాజగృహ నిర్వహణ, ఎడిన్‌బరో కోట కాపుదల, షెరిఫ్ అధికారం ఒక్కొక్కటే చేతికొచ్చాయి. 1437లో రాజు పెర్త్‌లో హత్యకు గురయ్యాడు. ఆరేళ్ల రెండో జేమ్స్ గద్దెనెక్కాడు. 1439లో రాజప్రతినిధి ఐదో డగ్లస్ ఎర్ల్ చనిపోయాడు. ఆ ఏడే క్రైటన్ చాన్సలర్ అయ్యాడు. పిల్లవాడు ఎవరి గుప్పిట్లో ఉంటే రాజ్యం వాళ్లది. అందుకే స్టర్లింగ్ కోట పట్టుకున్న లివింగ్‌స్టన్‌తో మొదట పోటీ, తర్వాత రాజీ.

మరుసటి ఏడే ఈ హత్యలు. పదహారేళ్ల ఆరో ఎర్ల్ విలియం మీదా, తమ్ముడు డేవిడ్ మీదా రాజద్రోహం మోపారు. చంపింది పెద్దలు, పేరు పసివాడిది. మరి ఎర్ల్ పదవీ, దాని భూములూ ఎవరికి పోయాయి? చిన్నతాత జేమ్స్ డగ్లస్‌కు! తర్వాత ఆయన కొడుకు, ఎనిమిదో ఎర్ల్ విలియం, చనిపోయినవాళ్ల చెల్లెలు మార్గరెట్‌ను పెళ్లాడి గాలవేని కూడా కలుపుకున్నాడు. కథ చెప్పేవాళ్లు ఎద్దు తలకాయ దగ్గరే ఆగిపోతే ఈ లెక్క కనబడదు.

అధికారం క్రైటన్‌ దగ్గరా నిలవలేదు. 1444లో ఎనిమిదో ఎర్ల్, లివింగ్‌స్టన్‌లు ఒక్కటవగా పదవి ఊడింది. 1445లో కోట ముట్టడిలో చిక్కి, షరతుల మీద లొంగిపోయాడు. అయినా మళ్లీ చాన్సలర్ అయ్యాడు. 1449లో గెల్డర్స్ మేరీతో రాజు పెళ్లి కుదిర్చాడు, ఆ ఏడే సొంత ఊరు క్రైటన్‌లో చర్చి స్థాపించాడు. 1454లో చనిపోయాడు. అంతకు రెండేళ్ల ముందు, 1452 ఫిబ్రవరి 22న, పెరిగి పెద్దవాడైన రాజు అభయపత్రం ఇచ్చి పిలిచిన ఎనిమిదో ఎర్ల్‌ను స్టర్లింగ్‌లో తన చేత్తోనే పొడిచాడు. రాజుది తప్పు కాదని అదే ఏడు పార్లమెంటు తీర్మానించింది.

పిలిచి చంపడం, దానికి చట్టం రంగు పూయడం క్రైటన్‌ ఒక్కడి దుర్మార్గం కాదు, ఆ పాలకవర్గం పనిచేసే తీరే అది. భూమి ఏ డగ్లస్‌కు మారినా దున్నేవాడు శిస్తు కడుతూనే ఉన్నాడు. ఆ విందు కథలో వాడికి పేరు కూడా లేదు. దోషి ఒక్కడే అని ఏ చరిత్ర చెప్పినా, లాభం ఎవరిదని మనం అడగాల్సింది ఇందుకే.