ఐదు బై రెండు

మంట పడిపోతోంది, ఆ తాటిమట్టలు ఇటు తొయ్యరా బుజ్జీ. పిడకల దండ ఇప్పుడే వెయ్యకు, అందరినీ లేవనీ. అమ్మాయ్, నువ్వు ఆ పుస్తకం మూసి ఇలా వచ్చి కూచో. భోగిమంట వెలుగులో ఫిజిక్సు చదివితే ర్యాంకు పెరగదు గానీ కళ్ళు పోతాయి.

రాత్రి మీ అమ్మతో నువ్వు చెప్పుకుంటున్నదంతా విన్నాన్లే. పొద్దున్న అయిదింటికి లేపేస్తారని, ఆదివారం పరీక్ష, సోమవారం గోడమీద ర్యాంకులు అని. చివర్న ఓ మాట అన్నావు చూడు, "తాతయ్యకేం, ఫ్రాన్సులో హాయిగా చదువుకున్నాడు" అని. అది మాత్రం గట్టిగా తగిలింది నాకు.

ఇదిగో, ఈ బొగ్గుపుల్ల పట్టుకో. ఇక్కడ నేల చదునుగానే ఉంది. ఎక్స్ డీఎక్స్ రాయి, ఒకటి నుంచి రెండు దాకా ఇంటిగ్రల్. ఎంత? త్రీ బై టూ. ఊఁ, నోటితోనే చెప్పేసేవు. రెండు నుంచి మూడు దాకా? ఫైవ్ బై టూ. అదిగో, ఆ రెండోది నేనే. నవ్వుతావేం? పారిస్‌లో ఓ ఏడాది పాటు నన్ను అలాగే పిలిచేరు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన యానాం 1954లో ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి వచ్చేసింది గానీ, కాగితాల మీద సంగతి తేలేసరికి 1962 ఆగస్టు అయింది. అప్పుడు ఒక గడువు పెట్టేరు, ఆరు నెలలు. ఈ లోపల "నేను ఫ్రెంచి పౌరుణ్ణే" అని రాసిచ్చినవాళ్ళు ఫ్రెంచివాళ్ళు, ఊరుకున్నవాళ్ళు ఇండియావాళ్ళు. మా నాన్న వెళ్ళి సంతకం పెట్టొచ్చేడు. మా చిన్నాన్న పెట్టలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, రెండు దేశాలు. మా నాయనమ్మకి ఇదేం అర్థమయ్యేది కాదు. "పెద్దాడి పిల్లలకి పరాయి దేశం అంటుకుంది" అనేది, అదేదో తట్టు పోసినట్టు.

ఆ సంతకం మూలంగానే నన్ను పాండిచ్చేరి పంపించేరు. 800 కిలోమీటర్ల పైమాటే. అక్కడి ఫ్రెంచి లీసే 1826 నాటిది. 1970లో నేను బాక్ పాసయ్యేను. బాక్ అంటే మీ ఇంటరు లాంటిదనుకో. లెక్కల్లో మంచి మార్కులొచ్చేయి, మేష్టార్లు ముచ్చట పడ్డారు, సర్కారు స్కాలర్‌షిప్పు ఇచ్చేరు. ఇంకేం, ఫ్రాన్సు వెళ్ళి ఇంజనీరయిపోవడమే అనుకున్నాను.

అక్కడ బాక్ అయిన వెంటనే పేరున్న ఇంజనీరింగు బడిలో చేర్చుకోరు. కొన్నిటిలో చేర్చుకుంటారు, లియోన్‌లో 1957లో పెట్టిన ఇన్సా అలాంటిదే. పాతకాలపు పెద్ద బడులు మాత్రం మరో రెండేళ్ళు లెక్కలూ ఫిజిక్సూ రుబ్బితే గానీ గడప తొక్కనివ్వవు. మొదటి ఏడాది పేరు మాట్ స్యూప్, రెండో ఏడాది మాట్ స్పే. ఈ చదువు చదివేవాణ్ణి తోపాఁ అంటారు. తోప్ అంటే నేలలో కన్నాలు తవ్వుకుంటూ బతికే ఓ జీవి, మన పందికొక్కుకి వేలువిడిచిన చుట్టం. ఎండ మొహం చూడం కదా, సరిగ్గా సరిపోయిందిలే ఆ పేరు.

మీ హాస్టల్లో బబుల్ షీట్లు నింపుతారు. మాకు అవి లేవు. నల్లబల్ల ఉండేది. వారానికి రెండు మూడు సార్లు 'కోల్' అని నోటిపరీక్ష. ముగ్గురేసి వెళ్ళాలి, బల్లని మూడు వాటాలు చేసి తలో వాటా ఇస్తారు, వెనక కుర్చీలో మేష్టారు. గంటసేపు. మార్కులు ఇరవైకి.

నా మొదటి కోల్ సాయంకాలం ఆరింటికి. ఒక సిరీస్ ఎందుకు కన్వర్జ్ అవుతుందో చెప్పమన్నాడాయన. థీరమ్ అంతా గడగడా రాసేసేను, కింద రెండు గీతలు కూడా కొట్టేను. ఆయన చూసి "ఎ అలోర్?" అన్నాడు. అంటే "అయితే ఏమిటంట?" అని. మళ్ళీ అదే రాసేను, ఈసారి ఇంకా గుండ్రంగా. "ఈ రెండో షరతు తీసేస్తే ఏమవుతుంది, మొస్యే?" అన్నాడు. ఏమవుతుందో నాకెవరూ చెప్పలేదే! యానాంలో గానీ పాండిచ్చేరిలో గానీ షరతులు తీసేసి చూడమని ఎవరన్నారు? సుద్దముక్క బల్లకి ఆనించి అలా నిలబడిపోయేను. పక్కవాడి సుద్ద టకటకమంటోంది. నా చెమటకి సుద్ద తడిసి వేళ్ళకి పిండిలా అంటుకుంది, ఇప్పటికీ గుర్తే.

నాలుగు మార్కులు వేసేడు. ఇరవైకి నాలుగు! అదీ ఎలాగ, "మీరు వచ్చేవారం మళ్ళీ దయచెయ్యండి, మొస్యే" అంటూ. యానాం బడిలో మేష్టారు ఒరేయ్ అని చెవి మెలిపెట్టి తొమ్మిది మార్కులేసేవాడు. ఈయన మీరు మీరు అంటూనే నాలుగేసేడు. రెంటిలో ఏది నయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పన్నెండొస్తే క్లాసంతా తిరిగి చూసేది. ఇరవై వేసినవాణ్ణి నేను చూడలేదు.

ఇప్పుడు నీ ఫైవ్ బై టూ. అందరికీ పెద్ద ఆశ ఎకోల్ పొలిటెక్నిక్. 1794లో విప్లవం రోజుల్లో పుట్టింది, 1804లో నెపోలియన్ దాన్ని సైన్యం కింద పెట్టేడు. ఈనాటికీ అక్కడి పిల్లలు రెండు కొమ్ముల టోపీ పెట్టి, నడుముకి కత్తి కట్టి జూలై 14 కవాతులో నడుస్తారు. చదువుకున్నందుకు జీతం కూడా. దానికి ముద్దుపేరు ఎక్స్. పరీక్ష నెగ్గి బడిలో చేరడాన్ని ఫ్రెంచిలో 'ఎంతెగ్రే' అంటారు. అంటే ఎక్స్‌ని ఇంటిగ్రేట్ చెయ్యడం! మొదటి ఏడు స్యూప్, రెండో ఏడు స్పే చదివి బయటపడితే ఒకటి నుంచి రెండు దాకా, త్రీ బై టూ. తప్పి, మళ్ళీ అదే స్పే చదివితే రెండు నుంచి మూడు దాకా. తప్పినవాణ్ణి తప్పేడు అనరు, చూసేవా, ఓ భిన్నం చేసి పెడతారు. లెక్కలవాళ్ళ వెటకారం అలా ఉంటుంది.

1972లో నేను తప్పేను. రాతపరీక్ష గట్టెక్కేను. పేపరుకి నాలుగేసి గంటలు, చెయ్యి వాచిపోయేది. నోటిపరీక్షలో మళ్ళీ బల్ల దగ్గర నోరు పెగల్లేదు. ఎవరినీ అనడానికి లేదు, తప్పు నాదే. ఆ ఏడాదే ఎక్స్‌లో మొదటిసారి ఆడపిల్లల్ని తీసుకున్నారు. ఏడుగురు నెగ్గేరు. అందరిలోకీ మొదటి ర్యాంకు ఎవరిదనుకున్నావు? ఆన్ షోపినే అనే అమ్మాయిది. నూటడెబ్బై యెనిమిదేళ్ళు తలుపు వేసుకుని కూచున్నారు, తీసిన మొదటి ఏడే ఆడపిల్ల వచ్చి పై కుర్చీలో కూచుంది. మరుసటేడు కవాతులో జెండా కూడా ఆ అమ్మాయే పట్టింది. నేను జనంలో నిలబడి చూసేను. మా క్లాసులో కొందరు మూతులు ముడుచుకున్నారు గానీ నాకెందుకో చెప్పలేనంత సరదా వేసింది.

తప్పిన రోజుల్లో మా మేష్టారు గాల్వా సంగతి చెప్పేడు. ఎవరిస్త్ గాల్వా, గ్రూప్ థియరీకి పునాది వేసినవాడు. ఎక్స్ పరీక్ష రెండుసార్లు తప్పేడు, 1828లో ఒకసారి, 1829లో ఒకసారి. రెండోసారికి కొద్దిరోజుల ముందే తండ్రి పోయేడు పాపం. విసుగొచ్చి బల్ల తుడిచే గుడ్డ పరీక్షకుడి మొహాన కొట్టేడని కూడా చెబుతారు, అది కట్టుకథో ఏమో. ఇరవయ్యేళ్ళకే ద్వంద్వయుద్ధంలో పోయేడు. మనల్ని ఓదార్చడానికి అలాంటివాణ్ణి తెస్తారు చూడు, అప్పుడు ఇంకా దిగులేస్తుంది. నేను గాల్వాని కాదు కదా.

1973లో కూడా ఎక్స్ రాలేదు. గనుల బడికీ వంతెనల బడికీ కలిపి ఇంకో పరీక్ష ఉండేది, అందులో నెగ్గి వంతెనల బడికొచ్చేను. ఎకోల్ దె పోంజ్ ఎ షోసే. వంతెనలూ రోడ్లూ అని అర్థం. అప్పుడు పారిస్ నడిబొడ్డున, సేన్ నదికి అయిదు నిమిషాల దూరంలో, రూ దె సేంపేర్ అనే వీధిలో ఉండేది. 1747లో పెట్టింది, పదిహేనో లూయీ కాలం. మొదటి పెద్దాయన పెరొనే. 1794లో చచ్చిపోయేదాకా నలభై ఏడేళ్ళు ఆయనే. ఆ కాలంలో బడికి మేష్టార్లే లేరు. తెలిసిన కుర్రాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పేవారు. మా బడి నుంచి నది ఒడ్డునే కొంచెం నడిస్తే ఆయన కట్టిన కాంకార్డ్ వంతెన, బాస్తీలు కోట పడగొట్టిన రాళ్ళు కూడా అందులో వేసేరు. రాజుగారి జైలు మీద జనం నడుస్తున్నారన్నమాట.

బడి సర్కారుది, అప్పట్లో ఫీజు అని చెప్పుకోదగ్గదేం ఉండేది కాదు. కానీ ఒకే పంక్తిలో రెండు వడ్డనలు. ఎక్స్ నుంచి వచ్చి సర్కారు కొలువు ఖాయమైనవాళ్ళు ఒక బంతి, పరీక్ష రాసొచ్చిన మాలాంటి 'సివిల్' వాళ్ళు ఒక బంతి. ఎవరూ పైకి ఏమనరు. కాఫీ దగ్గర ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో చూస్తే చాలు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. నావియే పేరు విన్నావా? నీళ్ళ ప్రవాహం ఈక్వేషన్లు ఆయనవి, మా బడిలోనే పాఠాలు చెప్పేవాడు. మా ప్రొఫెసరు మొదటిరోజు ఆ ఈక్వేషన్లు చెప్పలేదు. నావియే సేన్ మీద కట్టిన వేలాడే వంతెన గురించి చెప్పేడు. 1826లో, పని పూర్తికావస్తుండగా లంగరు రాళ్ళు కదిలేయి, దగ్గర్లో నీళ్ళ గొట్టం పగిలింది, చివరికి వంతెనంతా విప్పి పట్టుకుపోయేరు. అంత గొప్పాడి వంతెన! అది విన్నాక బల్ల దగ్గర నా కాళ్ళు వణకడం కొంచెం తగ్గింది.

వేసవిలో ఒక నెల కూలిపని చెయ్యాలి, అది కూడా చదువే. నన్ను ఓ పోర్చుగీసు మేస్త్రీ కింద వేసేరు. ఇద్దరి ఫ్రెంచీ అంతంతమాత్రమే. కాంక్రీటులో నీళ్ళెక్కువయ్యాయని నేను పుస్తకం లెక్క చెప్పబోతే, ఆయన గుప్పెడు తీసి పిసికి, వేళ్ళ సందుల్లోంచి కారింది చూపించి పారేసేడు. మన తాపీమేస్త్రీ చేసేదీ అదే కదా. శనివారాలు సీతే యూనివర్సితేరు అనే విద్యార్థుల వసతివాడలో 1968లో కట్టిన ఇండియా హౌస్‌కి వెళ్ళేవాణ్ణి, చారు కోసం. అక్కడ నన్ను ఫ్రెంచివాడనేవారు, బడిలో ఇండియావాడనేవారు. చారు మాత్రం ఎవరూ కాదనలేదు.

ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు పాఠం చెప్పేటప్పుడు సారా పీపాకి ఇనప కట్లు బిగించే ఉదాహరణ చెప్పేవారు. నాకు పీపా తెలీదు. మన కమ్మరి బండిచక్రానికి ఇనప పట్టా ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్ళు పోసేవాడు. చుయ్యిమని చల్లారి బిగిసేది, చెక్కంతా ఒకటయ్యేది. అదే సంగతి! బరువు రాకముందే నొక్కి పట్టి ఉంచడం. రాజమండ్రి ఆర్చి బ్రిడ్జి చూసేవుగా, 1997 నుంచి రైళ్ళు నడుస్తున్నాయి, అందులోనూ ఆ పట్టే.

ఈ ప్రీస్ట్రెస్డ్ పద్ధతిని కనిపెట్టిన ఫ్రేసినే కూడా ఎక్స్, మా బడి రెండూ చదివినవాడే. 1911 ప్రాంతంలో అలియే నది మీద ఓ వంతెన కట్టేడు, మూడు కాంక్రీటు ఆర్చీలు. అందరూ మెచ్చుకున్నారు, రాకపోకలు మొదలయ్యాయి. కొన్ని నెలలకి ఆయన వంతెన మీద నిలబడి చూస్తే పిట్టగోడ గీత మధ్యలో కిందికి జారుతోంది. రోజురోజుకీ. కాంక్రీటు బరువు మోస్తూ మోస్తూ మెల్లగా కుంచించుకుపోతుందని ఏ పుస్తకంలోనూ లేదు అప్పుడు. ఏం చేసేడో తెలుసా? రాత్రికి రాత్రి సైకిలెక్కి వెళ్ళి, మేస్త్రీనీ నమ్మకమైన మరో ముగ్గుర్నీ నిద్రలేపేడు. అయిదుగురూ ఆర్చీల నడినెత్తిన జాకీలు పెట్టి, ఎవరికీ చెప్పకుండా, వంతెన పైకెత్తి మధ్యలో కాంక్రీటు నింపేసేరు.

ఏమిటీ, "పైవాళ్ళకి చెప్పలేదా తాతయ్యా" అంటావా? నేనూ అదే అడిగేను. "ముందు ఎత్తేడు మొస్యే" అన్నాడు మా ప్రొఫెసరు. ఆ రాత్రి చూసినదాని మీదే పదహారు పదిహేడేళ్ళు ఆలోచించి, 1928లో పేటెంటు తీసుకున్నాడు.

మూడు నుంచి నాలుగు దాకానా? సెవెన్ బై టూ. ఉండేవాడు ఒకడు, బ్రెతాన్యు కుర్రాడు. వాడి సంగతి రేపు. అదిగో, మీ నానమ్మ కేకేస్తోంది, నీళ్ళు కాగేయంట. లేచి తలకి నూనె రాయించుకో. బుజ్జీ, ఇప్పుడు వెయ్యి పిడకల దండ. ఒరేయ్, ఇటు తిరిగి రా, ఆ ఫైవ్ బై టూ తొక్కకు.