తపోద స్నాననియమం: మధ్యదేశపు ఎల్ల నుండి ఒక పరిశీలన

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంగా ప్రసిద్ధం. పందొమ్మిదో శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడికి రాగా, దాని వెంట వెలసిన కర్మాగారంలో పనిచేయడానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తెలుగు కుటుంబాలు తరలివచ్చి స్థిరపడ్డాయి. పట్టణంలో వేడినీటి బుగ్గలు లేవు. అయితే దక్షిణానికి సాగే రైలుమార్గం ఖుర్దా ప్రాంతంలోని అత్రికి, బరంపురం చేరువలోని తప్తపానికి దారితీస్తుంది. ఉత్తరాన బాంకురా, ఆద్రాల మీదుగా వెళ్లేవారు బీర్భూం జిల్లాలోని వక్రేశ్వరానికి, ఇంకా ముందుకు సాగితే రాజగృహానికి చేరవచ్చు. కీళ్లనొప్పులు, చర్మవ్యాధులు ఉపశమిస్తాయన్న నమ్మకంతో జనులు ఈ బుగ్గలకు వెళుతుంటారు. వీటిలో బౌద్ధ వాఙ్మయంలో శాశ్వతస్థానం పొందినది రాజగృహంలోని తపోదం.

వైభార పర్వతపాదంలోని ఈ నీటి ఉష్ణానికి వినయ పిటకం ఒక కారణం చెబుతుంది. చల్లని మడుగులో పుట్టిన ప్రవాహం రెండు మహానరకాల నడుమ నుండి రావడం వల్ల వేడెక్కుతుందట. వాననీరు రాతిపొరల పగుళ్ల గుండా లోతుకు దిగి, భూగర్భపు వేడిమిని గ్రహించి మళ్లీ పైకి వస్తుందని నేటి భూవిజ్ఞానం వివరిస్తుంది. కారణం ఏదైనా ఆ నీటిని ఆశ్రయించినవారు అనేకులు. రాజగృహంలో స్నానఘట్టాలు హిందువులకు పవిత్రం. విపుల పర్వతం చెంతనున్న మఖ్దూమ్ కుండం సూఫీ సాధువు షరఫుద్దీన్ మనేరీ స్మృతిని నిలుపుతోంది.

ఒకనాడు బింబిసార మహారాజు తలస్నానం చేయగోరి తపోదానికి వచ్చాడు. అప్పటికే భిక్షువులు నీటిలో ఉన్నారు. వారిని లేవమనడం అమర్యాదగా భావించి రాజు వేచి ఉన్నాడు. భిక్షువులు చీకటిపడేదాకా స్నానం చేశారు. ఆ తరువాత రాజు స్నానం ముగించేసరికి నగరద్వారాలు మూసివేశారు. ఆ రాత్రి ప్రాకారం వెలుపలనే గడిపి, తెల్లవారగానే ఆయన బుద్ధుని సన్నిధికి వెళ్లాడు. సంగతి తెలుసుకున్న బుద్ధుడు, రాజును చూసి కూడా మితమెరుగక స్నానం చేసినందుకు భిక్షువులను మందలించి, పక్షం రోజులకు ఒక్కసారి మాత్రమే స్నానం చేయాలని విధించాడు. పాచిత్తియ నియమాలలో ఇది 57వది.

ఈ నియమాన్ని దేహతిరస్కారంగా భావించడానికి వీలులేదు. విధించిన వెంటనే దానికి సడలింపులు ఒకదాని వెంట ఒకటి చేరాయి. వేసవి ఉక్క, వ్యాధి, శ్రమ, ప్రయాణం, గాలివాన ఉన్నప్పుడు పక్షం నిండకుండానే స్నానం చేయవచ్చు. శ్రమ అంటే ఎంత? విహార ప్రాంగణాన్ని ఊడ్చినా చాలునని విభంగం నిర్ణయించింది. ప్రయాణం అంటే అర్ధయోజనం నడవడం. వాతరోగంతో బాధపడిన పిలిందవచ్ఛునికి స్వేదచికిత్సలు, వేడినీటి తొట్టి స్నానం అనుమతించిన వృత్తాంతం మహావగ్గంలో ఉంది. భిక్షువుల ఆరోగ్యం కోసం జీవకుడు సూచించగా చంక్రమణమూ, జంతాఘరమనే వేడి స్నానగృహమూ సంఘంలో ప్రవేశించాయని చుల్లవగ్గం చెబుతుంది. తపోదం వద్ద తప్పుగా ఎంచబడినది స్నానం కాదు. ఒడ్డున వేచి ఉన్నవారిని మరవడం.

దేశాన్ని బట్టి కూడా నియమం మారింది. అవంతి నుండి వచ్చిన సోణ కుటికణ్ణుడు తన గురువు మహాకచ్చాయనుని తరఫున అయిదు వినతులు చేశాడు. అవంతి దక్షిణాపథంలో జనులు స్నానానికి, జలశుద్ధికి ఎంతో విలువనిస్తారని ఆ వినతులలో ఒకటి. బుద్ధుడు అంగీకరించి, మధ్యదేశానికి వెలుపలి ప్రత్యంత జనపదాలన్నింటా నిత్యస్నానాన్ని అనుమతించాడు. ఆ సందర్భంలోనే మధ్యదేశపు ఎల్లలు చెప్పబడ్డాయి: తూర్పున కజంగలం, ఆగ్నేయాన సల్లవతీ నది. సల్లవతి అంటే మేదినీపూర్ ప్రాంతంలో ప్రవహించే శీలావతియే అని కొందరు పండితుల ఊహ. అది నిజమైతే ఆ నదికి దక్షిణాన ఉన్న ఖరగ్‌పూర్ మధ్యదేశపు ఎల్లకు ఆవల, నిత్యస్నానం అనుమతించిన నేలలో పడుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగువారి స్వస్థలమైన ఉత్తరాంధ్ర కూడా ఆ ఎల్లకు వెలుపలిదే. ఊడ్చిన భిక్షువుకే స్నానం అనుమతించిన శాస్త్రం కర్మాగారపు మసిలో పనిచేసిన దేహానికి దానిని కాదనదు.

ఈ ప్రాంతానికి రాజగృహంతో ఉన్న సంబంధం రైలుకన్నా పాతది. ఖరగ్‌పూర్‌కు తూర్పున ఉన్న తమ్లుక్ ఒకనాటి తామ్రలిప్తి రేవు; దక్షిణాన దాంతన్ సమీపంలోని మొఘల్‌మారిలో పెద్ద బౌద్ధవిహారం తవ్వకాలలో బయటపడింది. 673లో తామ్రలిప్తిలో దిగిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, మగధకు వెళుతూ దారిలో జబ్బుపడ్డాడు. నలందలో పదికి పైగా పెద్ద కొలనులు ఉండేవని, ప్రతి ఉదయం గంట మ్రోగించి భిక్షువులను స్నానానికి పిలిచేవారని ఆయనే వ్రాశాడు. భోజనానికి ముందే స్నానం చేయాలని, రోగనివారణకు ఔషధస్నానం బుద్ధుడు అనుమతించినదేనని కూడా ఆయన గ్రంథం చెబుతుంది.

అంతకు ముందు ఆ శతాబ్దిలోనే రాజగృహాన్ని చూసిన హ్యూయన్‌త్సాంగ్, పూర్వం అయిదువందల బుగ్గలుండగా తన కాలానికి కొన్ని పదులే మిగిలాయని, దూరదేశాల వారు వచ్చి స్నానం చేయగా దీర్ఘరోగులకు తరచు స్వస్థత చేకూరుతుందని నమోదు చేశాడు. ఇటీవలి వేసవులలోనూ అక్కడి కొన్ని ధారలు సన్నగిల్లుతున్నాయి. కాబట్టి స్వస్థత కోరి ఖరగ్‌పూర్ నుండి గాని, మరెక్కడి నుండి గాని అక్కడికి వెళ్లే నేటి యాత్రికునికి ఆ 57వ నియమం కేవలం ప్రాచీన విశేషం కాదు. రోగి, శ్రమజీవి, బాటసారి ఆ నీటికి మొదటి హక్కుదారులు. తన అవసరం తీరిన తరువాత ఒడ్డున ఉన్నవారికి చోటు విడవడం అక్కడి స్నానవిధిలో భాగమే.